ట్రాన్సిల్వేనియా వెళ్తున్నారా? ఈ ఎదురు సలహాలు వినండి

ట్రాన్సిల్వేనియా వెళ్తున్నామంటే చాలు, అందరూ ఇచ్చే సలహా ఒకటే: డ్రాక్యులా కోట చూడండి, ఫొటో దిగండి, వచ్చేయండి. రుమేనియాలో కార్పాతియన్ కొండలు చుట్టుకొని ఉన్న ఆ సీమను అలా చూసి రావడం అన్యాయం. నా సలహాలు కొంచెం తలకిందులుగా కనిపిస్తాయి. అయినా పాటించండి.

1. డ్రాక్యులాను ఇంట్లోనే వదిలి బయల్దేరండి.
1897లో డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ ఐర్లండ్‌వాడు. ట్రాన్సిల్వేనియాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. గ్రంథాలయాల్లో దొరికిన పుస్తకాలే ఆధారం. ఆ పేరు అసలు సొంతదారు వ్లాద్, 15వ శతాబ్దంలో కొండలకు దక్షిణాన ఉన్న వలాకియాను ఏలాడు. శత్రువులను కొరత వేయించిన క్రూరుడే. రక్తం తాగడం మాత్రం నవల పుణ్యం.

2. బ్రాన్ కోటను రాణి కోసం చూడండి.
డ్రాక్యులా కోటగా చూపించేది దీన్నే, కానీ వ్లాద్ అక్కడ కాపురమున్నట్టు ఆధారం లేదు. కనుమ దారిని కాపాడుకోవడానికి, సరుకుల మీద సుంకం వసూలు చేయడానికి కట్టిన కోట అది. 1377లో హంగరీ రాజు అనుమతిస్తే బ్రషోవ్ నగరపు జర్మన్లు తమ ఖర్చుతో కట్టుకున్నారు. 1920లో ఆ నగరం దాన్ని రుమేనియా రాణి మేరీకి కానుకగా ఇచ్చింది. గదులన్నీ ఆమె అభిరుచితో తీర్చిదిద్దుకున్నవే. దానికి ఒక పూట చాలు.

3. మిగిలిన రోజులు చర్చిలకు ఇవ్వండి.
ఈ సలహా కోసమే మిగతావన్నీ రాశాను. 12వ శతాబ్దం నుంచి హంగరీ రాజులు పిలిపించి ఇక్కడ జర్మన్లను స్థిరపరిచారు. వీళ్లను శాక్సన్లంటారు. తాతార్లు, ఒట్టోమన్ సైన్యాలు దండెత్తి వస్తుంటే పల్లె జనం తమ చర్చి చుట్టూ గోడలు లేపి, దాన్నే కోటగా మార్చుకున్నారు. ప్రెజ్మెర్ అనే ఊళ్లో ఆ గోడ లోపలివైపు అంతస్తులు అంతస్తులుగా 270కి పైగా గదులున్నాయి. దాడి జరిగితే కుటుంబాలు తిండిగింజలతో సహా వాటిలో తలదాచుకునేవి. బియెర్తాన్, విస్క్రి, ప్రెజ్మెర్ ఊళ్ల కోట చర్చిలు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. 1989లో రుమేనియా నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలాక శాక్సన్లలో చాలామంది జర్మనీకి తరలిపోయారు. చర్చిలు నిలిచాయి, ప్రార్థనకు కూర్చునేవాళ్లు కరువయ్యారు. టికెట్ కొనండి, భోజనం ఆ ఊళ్లోనే చేయండి, బస కూడా వీలైతే అక్కడే.

4. తొందరగా చేరాలంటే కారు మానండి.
రాజధాని బుకారెస్ట్ నుంచి బ్రషోవ్‌కు రైలులో 166 కిలోమీటర్లు, సుమారు మూడు గంటలు. ప్రహోవా లోయలో కొండల మధ్య నుంచి వెళ్తుంది. శని, ఆదివారాల్లో అదే లోయలో రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. ఇక వీసా సంగతి: 2025 జనవరి 1న రుమేనియా, ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల కూటమిలో పూర్తిగా చేరింది. జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో ఉంటున్న మనవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు.

5. హాలోవీన్‌కు వెళ్లకండి.
అప్పుడు బ్రాన్‌లో జనమే తప్ప కోట కనిపించదు. సెప్టెంబరులో వెళ్లండి. రెండు వేల మీటర్లకు పైగా ఎక్కే ట్రాన్స్‌ఫగరషాన్ కొండదారి కూడా అప్పుడు తెరిచి ఉంటుంది. చలికాలంలో మంచు వల్ల మూసేస్తారు.

6. భయపడండి, ఎలుగుబంట్లకు.
రష్యాను మినహాయిస్తే యూరప్‌లో గోధుమరంగు ఎలుగుబంట్లు అత్యధికంగా ఉన్నది రుమేనియాలోనే. అవి రోడ్డు పక్కకే వస్తాయి. కారు దిగకండి, అద్దం దించకండి, బిస్కెట్ ముక్క కూడా వేయకండి. తిండికి అలవాటుపడ్డ ఎలుగు మనుషుల మీదికొస్తుంది, చివరికి దాన్ని కాల్చేయాల్సి వస్తుంది. ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి.

స్టోకర్ కల్పించిన భయం చదవడానికి బాగుంటుంది. ప్రెజ్మెర్ గోడలు కట్టించిన భయం నిజంగా మనుషులు పడ్డది. వెళ్లినవాళ్లు రెండోదాన్ని చూడకుండా తిరిగి రావద్దు.