నా పని నాకుంది

నేను ఫోలిక్ యాసిడ్ మాత్రను. బి విటమిన్ల ఇంటిదాన్ని. బి6, బి12 నా తోబుట్టువులు.

నా పుట్టుపూర్వోత్తరాలు తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గడం గమనించింది. అందులో ఉన్నది నేనేనని అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి నన్ను విడదీశారు. ఆ తర్వాత నాలుగైదేళ్లకు నన్ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ బృందానికి పెద్ద దిక్కు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బు. ఆ జబ్బుకే నేను మందునయ్యాను. ఏ మాత్రకు దక్కుతుంది ఇంతటి పుట్టుక!

గుండె సంగతిలోకి నన్ను లాగింది హోమోసిస్టీన్. మీరు తినే మాంసకృత్తుల నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థమది. నేనూ బి12 కలిసి దాన్ని మళ్లీ మెథియోనిన్ అనే పదార్థంగా మారుస్తాం. బి6 మరో దారిన ఖర్చు చేస్తుంది. హోమోసిస్టీన్ మితిమీరితే రక్తనాళాలు చెడతాయని 1969లో కిల్మర్ మెక్‌కల్లీ చెప్పాడు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల రక్తంలో అది తరచుగా ఎక్కువే ఉంటుంది. కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తున్నా గుండెజబ్బుతో పోయేవాళ్లు వాళ్లలో చాలామంది. అందుకే అందరి చూపూ నా మీద పడింది.

అమెరికా, కెనడా, బ్రెజిల్ దేశాల్లో 4,110 మంది మార్పిడి రోగులతో పెద్ద పరీక్ష పెట్టారు. దాని పేరు ఫేవరిట్. సగం మందికి నన్ను 5 మిల్లీగ్రాములు, బి6ను 50, బి12ను 1 మిల్లీగ్రాము కలిపి రోజూ ఇచ్చారు. మిగతా సగానికి బి6, బి12 కొద్దిపాటి మోతాదులో ఇచ్చి, నన్ను అసలే ఇవ్వలేదు. హోమోసిస్టీన్‌ను నేను తగ్గించాను. కానీ 2011లో ఫలితాలు వచ్చేసరికి గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి. రక్తపరీక్షలో అంకె తగ్గినంత మాత్రాన గుండె నిలబడలేదు.

అప్పటినుంచి నా బతుకు ఇలా అయింది. నిన్నటిదాకా గుండెకు కాపలా అని మురిసినవాళ్లే నన్ను సొరుగులోకి తోశారు. మార్పిడి మందు టాక్రోలిమస్‌కు గడియారం చూసి పొద్దునా సాయంత్రం పిలుపు వస్తుంది. అది న్యాయమే, దాన్ని మరిస్తే కిడ్నీయే పోవచ్చు. నా స్ట్రిప్ మాత్రం మూలన ముడతలుపడి, తేదీ దాటి, చివరకు చెత్తబుట్టలో పడుతుంది. చేయలేని పని నెత్తిన పెట్టి, చేయలేదని చేతనైన పనికీ పనికిరానన్నారు. అదే నా బాధ.

రక్తం పట్టడానికి నేను కావాలి. కడుపులో బిడ్డ వెన్నుపాము సరిగా రూపుకట్టడానికి, గర్భం రాకముందు నుంచే నేను కావాలి. మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్ రాకుండా వాడే సెప్ట్రాన్ లాంటి మందులు కొందరిలో నాకే ఎసరు పెడతాయి. అలాంటప్పుడు డాక్టరు నా పేరు రాస్తే నన్ను పారేయకండి.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు, వాళ్లంటే నాకు భయం. విటమిన్ మంచిదే కదా అని డాక్టర్ని అడగకుండా నెలలకు నెలలు నన్ను మింగుతారు, బీపీ మాత్ర మాత్రం మానేస్తారు. ఒంట్లో బి12 లేనప్పుడు నన్ను ఒక్కదాన్నే ఎక్కువగా మింగితే రక్తం బాగుపడ్డట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారులు, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బి12 ఎంతుందో ముందు చూపించుకోవాలి.

కిడ్నీ ఇచ్చింది అమ్మయినా, ముఖం తెలియని దాతయినా, దాన్ని మోస్తున్న మీ గుండెను నా ఒక్కదాని మీద వదిలేయకండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచుకోండి, పొగ మానండి. మార్పిడి మందులు ఒక్క పూట కూడా తప్పించకండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, నా అవసరం మీకు ఉందో లేదో ఆయన్నే అడగండి.