కోట్స్ మధ్య వీరత్వం

సీ ప్రోగ్రామ్ మధ్యలో నాలుగు లైన్ల అసెంబ్లీ ఇరికించగానే మనవాడికి మీసం మెలెయ్యబుద్ధేస్తుంది. భిలాయ్‌లో మరీనూ. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజేసి, 2016లో ఐఐటీ తెచ్చుకున్న ఊరాయె. ఇంజనీరింగ్ ఊసెత్తని ఇల్లు దొరకాలంటే సెక్టార్లన్నీ గాలించాలి. మీసానికి అభ్యంతరం లేదు గానీ, యంత్రం గుప్పిట్లోకి వచ్చేసిందన్న ధీమా మాత్రం ఉత్తదే. ఎందుకంటే కోట్స్ మధ్య రాసిన ఆ అసెంబ్లీ అర్థమేమిటో జీసీసీ కంపైలర్ పట్టించుకోదు. అది నమ్మేది కొలన్ల తర్వాతి వివరాలనే: ఏ విలువ బయటికొస్తుంది, ఏది లోపలికెళుతుంది, ఏ రిజిస్టర్లు చెడతాయి. ఇక్కడి ఉక్కు కర్మాగారం బోరియా గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవానుకు అనుమానమొస్తే టార్పాలిన్ ఎత్తి లారీ చూస్తాడు. జీసీసీ గేట్‌పాస్ చూసి వదిలేస్తుంది.

ఆ పాస్ మనవాళ్లు ఎలా నింపుతారో చూడండి. ప్రాసెసర్ టిక్కులు చెప్పే ఆర్‌డీటీఎస్‌సీ ఆదేశం 64 బిట్ల ఫలితాన్ని రెండు ముక్కలుగా ఈడీఎక్స్, ఈఏఎక్స్ రిజిస్టర్లలో పెడుతుంది. 32 బిట్ల ఎక్స్86 రోజుల్లో పాస్‌లో సమాన గుర్తు, పెద్ద 'ఏ' రాస్తే జంట మొత్తం చేతికొచ్చేది. 64 బిట్లలో అదే గుర్తుకు ఆ రెండింటిలో ఏదో ఒకటని అర్థం. ఫలితంలో సగం గల్లంతు; రెండో రిజిస్టర్‌లో కంపైలర్ దాచుకున్నదేమైనా ఉంటే అదీ చెప్పాపెట్టకుండా చెరిగిపోతుంది. "నా దగ్గర బాగానే నడిచిందే!" అంటారు. ఆప్టిమైజేషన్ ఆపేస్తే విలువలు చాలావరకు స్టాక్‌లోనే ఉంటాయి, తప్పు బయటపడదు. ఓ2 స్థాయి ఆప్టిమైజేషన్ పెట్టగానే బయటపడుతుంది, అప్పుడు నింద కంపైలర్‌కు! ఆపైన మంత్రంలా ఒక 'వోలటైల్' తగిలిస్తారు. ఆ ముక్కను అనవసరమనుకుని కొట్టెయ్యొద్దని చెప్పే మాట అది. ఏ రిజిస్టర్ చెడుతుందో అదేం చెబుతుంది?

లైనక్స్ కెర్నల్ నిండా ఇలా ఇరికించిన అసెంబ్లీయే కదా అంటే, నిజమే. పేజీ టేబుల్ రిజిస్టర్ మార్చడానికి సీలో వేరే దారి లేదు. కానీ అదే కెర్నల్‌లో బ్యారియర్ అనే మాక్రో చూడండి: కోట్స్ మధ్య శూన్యం, ఒక్క ఆదేశమైనా లేదు. మూడో కొలన్ తర్వాత 'మెమరీ' అన్న మాట ఉంది, అంతే; దాన్ని దాటించి కంపైలర్ మెమరీ చదువులూ రాతలూ అటూ ఇటూ జరపదు. అసెంబ్లీ లేకుండానే పని జరుగుతోందన్నమాట! టిక్కులు కావాలంటే జీసీసీ, క్లాంగ్ రెండింట్లోనూ రెడీమేడ్ ఇంట్రిన్సిక్ ఉంది, వాడుకోండి. తప్పనిసరై అసెంబ్లీయే రాయాల్సొస్తే, ముందు కొలన్ల తర్వాతి భాగం పూర్తిచేసి, ఆ తర్వాతే కోట్స్ తెరవండి.