చాయ్‌కి చెల్లని పది లక్షలు

మాడుగులపల్లి టోల్‌గేటు దాటి మిర్యాలగూడ వైపు పోతుంటే రోడ్డు పక్కన ఒక చాయ్ బండి ఉంటుంది. అక్కడ పది రూపాయల బిళ్ల చెల్లదు. నోటైతే నడుమకు చిరిగి, టేపు అతికించుకుని, నూనె మరకతో వచ్చినా బండాయన కళ్లకద్దుకుని తీసుకుంటాడు. బిళ్ల కనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి పోతుంది. "గది నడుస్తలేదన్నా." ఎవరన్నారయ్యా అంటే, "అందరంటున్రు." పద్నాలుగు డిజైన్ల పది బిళ్లలున్నాయి, అన్నీ చెల్లుతాయి అని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. ఆ మాట నార్కట్‌పల్లి దాకా వచ్చి, ఈ అద్దంకి రోడ్డు ఎక్కకుండా అక్కడే ఆగిపోయినట్టుంది.

మా చిన్నాయన నాకు ఫోన్ తీసి వీడియో చూపించింది కూడా ఆ బండి ముందరి బెంచీ మీదే. వైష్ణోదేవి అమ్మవారి బొమ్మున్న పది బిళ్ల ఉంటే పది లక్షలట. ఆయన దగ్గర ఒకటుంది. పదేళ్ల నుంచి ఎవరూ తీసుకోక ఇంట్లో పడి ఉంది.

"ఎందుకే అంత ధర?"

"కొన్నే కొట్టిన్రంట గదరా."

"కొన్నంటే ఎన్ని?"

"రెండొందలు."

"ఎవరు లెక్కబెట్టిన్రు?"

"వీడియోల చెప్పిండు."

తర్వాతి వారం ఇంకో వీడియోలో ఆ రెండొందలు యాభై అయ్యాయి. దసరా నాటికి రెండే మిగిలాయి. కాల్వకు నీళ్లు రాని ఏడు సాగర్ ఆయకట్టులో వరి కూడా అంత వేగంగా ఎండదు. ఆ రెండింటిలో ఒకటి చిన్నాయన పూజగూట్లో ఉంది. రెండోది కోదాడలో ఆయన వియ్యంకుడి దగ్గరుంది. మూడోది సూర్యాపేటలో మా బావ బీరువాలో దొరికింది. దేశం మొత్తానికి రెండే ఉన్న బిళ్లలు మా చుట్టరికంలోనే మూడు తేలాయి.

2012 సంవత్సరం వేసి అయిదు, పది రూపాయల విలువలతో వచ్చిన బిళ్లలవి. జనం చేతుల్లో తిరగడానికే కొట్టారు, తిరిగాయి. ఒక కండక్టరు ఇంకో కండక్టరుకు అంటగట్టి వదిలించుకున్న చిల్లర అది. వీడియోవాళ్లకు మరో మోజు, ఏడాది అంకె కింద కనిపించే నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రముంటే మహా అరుదైన నాణెమట. ఆ నక్షత్రం మన హైదరాబాద్ టంకశాల గుర్తు. నిజాం కాలంలో 1903లో సైఫాబాద్‌కు వచ్చి, 1950లో కేంద్రం చేతికి పోయి, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల అది. మన రాష్ట్రంలో పుట్టిన బిళ్ల మన రాష్ట్రంలోనే అరుదని చెప్పడమంటే, మిర్యాలగూడ రైసుమిల్లు ముందర నిలబడి బియ్యం దొరకడం కష్టమనడమే.

నాణేలు ఎన్ని కొట్టారో తేలని వింత నిజంగానే మనకు దగ్గర్లో ఉంది. 2024లో సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో రాష్ట్ర వారసత్వ శాఖవాళ్లు తవ్వుతుంటే ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం, ఒక్కోటి సుమారు 2.3 గ్రాములు. ఇక్ష్వాకుల కాలానివన్నారు. పదిహేడు వందల ఏళ్ల నాటి నాణేలు ఒక్క కుండలో అన్ని దొరికాయి. అలాంటివి మొత్తం ఎన్ని కొట్టారని పండితుణ్ణి అడిగితే గడ్డం గోక్కుంటాడు. నాణేల మీది ముద్రలను పక్కపక్కన పెట్టి, ఎన్ని అచ్చులు వాడారో అంచనా కడతాడు. ఒక్కో అచ్చు అరిగేలోపు ఎన్ని నాణేలు పడ్డాయన్న దగ్గర మళ్లీ ఇద్దరు పండితులు పోట్లాడుకుంటారు. జీవితమంతా నాణేలు లెక్కపెట్టినవాడు "చెప్పలేను" అంటాడు. ఒక్క నాణెం కూడా లెక్కపెట్టనివాడు "రెండే" అంటాడు. మనం ఎవరి మాట షేర్ చేస్తామో చెప్పాలా?

లెక్క కాగితం మీద ఉన్నచోట మాత్రం చిక్కు తీరుతుందా? 1804లో 19,570 వెండి డాలర్లు కొట్టామని అమెరికా టంకశాల రాసుకుంది. అవన్నీ పాత సంవత్సరం వేసినవే. 1804 అని ఉన్న డాలర్లు మొదట పుట్టింది ముప్పై ఏళ్ల తర్వాత, ఇప్పుడు ప్రపంచంలో తెలిసినవి 16. అదే దేశం 1933లో ఇరవై డాలర్ల బంగారు నాణేలు 4,45,500 కొట్టింది, బజారుకు వదలకుండా దాదాపు అన్నీ కరిగించేసింది. తప్పించుకున్న వాటిలో ఒకటి 2021లో కోటీ ఎనభై తొమ్మిది లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంటే ఎన్ని కొట్టారన్నది ఒక ప్రశ్న, ఎన్ని మిగిలాయన్నది ఇంకో ప్రశ్న, కావాలనేవాళ్లు ఎందరన్నది మూడోది. చిన్నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అమెరికాల ఒక్క బిళ్లకు కోట్లిచ్చిన్రు, సూస్తివా?" అన్నాడు.

కొనేవాడు దొరికాడు. ఫోన్‌లోనే. బిళ్ల ఫొటో చూసి మురిసిపోయి పది కాదు, పన్నెండు లక్షలిస్తానన్నాడు. ముందుగా రిజిస్ట్రేషన్‌కు 650 రూపాయలు. తర్వాత జీఎస్టీ. ఆ తర్వాత గుండ్రటి ముద్రతో "రిజర్వు బ్యాంకు అనుమతి పత్రం", దానికో ఫీజు. తాము ఇలాంటి బేరాల్లో లేమనీ, ఎవరి దగ్గరా ఫీజులూ కమీషన్లూ అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అదీ నార్కట్‌పల్లి దగ్గరే ఆగి ఉంటుంది. చారాణా కోడికి బారాణా మసాలా అని మనవాళ్లు ఊరికే అనలేదు. చారాణాను ప్రభుత్వం 2011 జూన్ 30తో రద్దు చేసింది, మసాలా మాత్రం ఇంకా చలామణిలోనే ఉంది. చిన్నాయన లెక్క పదకొండు వేలు దాటాక ఆ నంబరు స్విచాఫ్ అయింది.

మొన్న మళ్లీ ఆ బండి దగ్గర ఆగాం. రెండు చాయ్‌లు, ఇరవై రూపాయలు. చిన్నాయన జేబులోంచి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. బండాయన అలవాటుగా చెయ్యి వెనక్కి తీసుకోబోయి, వంగి చూశాడు.

"అమ్మవారి బిళ్లనా?"

"ఊఁ."

"అయితే ఇయ్యి కాకా. రెండు చాయ్‌లకు సరిపెట్టుకుంట."

చిన్నాయన బిళ్ల గబుక్కున జేబులో వేసుకుని నా వైపు తిరిగాడు. "నీ తాన ఇరవై ఉన్నయారా?"