యుగం మార్చే మీట

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే కంప్యూటర్ ఆట 1997లో వచ్చింది. డల్లాస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేస్తే మైక్రోసాఫ్ట్ అమ్మింది. ఎంసెట్ కోచింగ్ పేరు చెప్పి హనుమకొండ పోయిన మన పిల్లలు నెట్ సెంటర్లలో గంటల లెక్కన పైసలు కట్టి మరీ నేర్చుకున్న చరిత్ర ఏదన్నా ఉందంటే అది ఇదే. ఆట మొదలవగానే నీ చేతికి ఊరి చావడి లాంటి ఒక కట్టడాన్నీ ముగ్గురు మనుషుల్నీ ఇస్తారు. గోదాములో 200 తిండి, 200 కట్టె, 150 రాయి ఉంటాయి. బంగారం సున్నా. ఊరు దాటితే అంతా చీకటి. అది రాతియుగం.

కొడకండ్లలో మా అక్క కొడుకు సెలవులకు ఇంటికొచ్చి ఈ ఆట ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని చూశాను. దీన్ని మంత్రులకు, కలెక్టర్లకు పాఠ్యాంశంగానైనా పెట్టాలి, లేదంటే నిషేధమైనా విధించాలి. ఎందుకంటే ఈ ఆటలో యుగం మారడానికి షరతులున్నాయి. రాతియుగం దాటి పనిముట్ల యుగంలోకి పోవాలంటే గోదాములో 500 తిండి పడాలి, రెండు కట్టడాలు లేవాలి. అప్పటిదాకా యుగం మార్చే మీట పలకదు. ఫ్లెక్సీలు కట్టినా పలకదు. పాలాభిషేకం చేసినా పలకదు. ఇంత ప్రజావ్యతిరేకమైన ఆటను నేనెక్కడా చూడలేదు.

మన దగ్గర పద్ధతి వేరు. ముందు మీట నొక్కుతాం, తిండి సంగతి తర్వాత చూస్తాం. రాష్ట్రం వచ్చిన కొత్తలో మనవాళ్లు రాతి, కంచు, ఇనుము అన్నీ దాటేసి ఏకంగా బంగారు తెలంగాణకు పోయారు. అల్లుడి లెక్కలో మొదటి రెండు యుగాల్లో బంగారంతో పనే లేదట. తెచ్చినా గోదాములో మూలన పడి ఉంటుందట. "తిండి, కట్టె మీద పెట్టాలె మామా మనుషులను. ఫస్టే గోల్డ్ కాడికి పంపినోడు ఖతం." పాపం, వాడికి రాజకీయం తెలియదు.

ఆటలో అసలు కిటుకంతా మొదటి పది నిమిషాల్లోనే ఉంది. వచ్చిన ముగ్గుర్నీ వచ్చినట్టే పనిలో పెట్టాలి. చావడి దగ్గర కొత్త మనుషుల్ని పుట్టిస్తూనే ఉండాలి, ఒక్కొక్కరికి 50 తిండి. నలుగురు దాటితే ఇల్లు కావాలి. 30 కట్టెలకు ఒక ఇల్లు, అందులో ఇంకో నలుగురు. ఒక మనిషి సుత్తి పట్టుకుని టకటకమని కొడితే చూస్తుండగానే లేచి నిలబడుతుంది. లబ్ధిదారుల జాబితా, గ్రామసభ, సర్వే యాప్, బేస్‌మెంట్ ఫొటో ఏమీ ఉండవు. మన దగ్గర ఇందిరమ్మ ఇల్లు డబుల్ బెడ్‌రూమ్ అయింది. 2024 మార్చిలో భద్రాచలంలో మళ్లీ ఇందిరమ్మ ఇల్లయింది. ఇంటికి మూడుసార్లు బారసాల జరిగినా, పునాది దగ్గరే ఆగిన గోడ ఒకటి మా వీధిలో ఉంది. రాతియుగం వాళ్లకు ఇంత ఓపిక ఉండేది కాదు.

తిండి సంగతి ఇంకా చూడాలి. పొదల్లో పండ్లుంటాయి. పండ్ల పొద పక్కనే గాదె కట్టమంటాడు అల్లుడు. దూరంగా కడితే మనిషి తిరిగే అడుగులన్నీ దండగే. కోసింది కోసినట్టు రెండడుగులు వేసి గాదెలో పోయాలి, మళ్లీ పొద దగ్గరికి రావాలి. పోయగానే లెక్క పెరుగుతుంది. నేను నోరు తెరుచుకుని చూశాను. గాదె దగ్గర తేమ కొలిచే మిషన్ లేదు! మా ఐకేపీ సెంటర్‌లో వడ్ల తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. ఎండబోస్తావు, మబ్బు పడుతుంది, పరదా కప్పుతావు, ఎండ కాస్తుంది, పరదా తీస్తావు. తేమ తగ్గితే గన్నీ సంచులు ఉండవు. సంచులొస్తే హమాలీలు ఉండరు. హమాలీలు దొరికితే లారీ రాదు. లారీ మిల్లుకు చేరాక తాలు ఉందని బస్తాకు ఇంత తరుగు తీస్తారు. రాతియుగంలో ఒక్క రైస్ మిల్లు ఉన్నా మానవజాతి ఈపాటికి పండ్ల పొద దగ్గరే ఉండేది.

అయితే ఈ ఆటలోనూ ఒక లోపముంది, అది చెప్పకపోతే తప్పు. పశువుల్లేవు. వేటాడటానికి జింకలున్నాయి, ఏనుగులున్నాయి. తొక్కడానికి వెంటబడే ఏనుగును ఊరి దాకా మళ్లించుకొచ్చి చంపితే మాంసం మోసే దూరం తగ్గుతుందట, అదొక పెద్ద విద్యట. కానీ ఒక్క బర్రె లేదు, ఒక్క దూడ లేదు. మన గడ్డ మీద ఆట అలా మొదలవలేదు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉత్తనూరులో ఒక బూడిద దిబ్బ తవ్వాడు. అది కాలిన పెండ దిబ్బ. నాలుగు వేల ఏళ్ల కిందట మనవాళ్లు గుంజలు పాతి దొడ్లు కట్టారు, పశువుల్ని మలిపారు, పెండ పేరుకుంటే కాల్చారు, మళ్లీ అక్కడే దొడ్డి కట్టారు. ఆ బూడిద పొరల మధ్య గిట్టల గుర్తులు అచ్చు గుద్దినట్టు దొరికాయి. దాంతోపాటు ఉలవలు, పెసలు, కొర్రల జాతి గింజలు వేసుకున్నారు. తాడు తెంచుకునే ఎద్దును మచ్చిక చేసుకున్నవాడి తెలివి పెండలో దొరికింది గానీ, మైక్రోసాఫ్ట్‌కు దొరకలేదు. డల్లాస్ అంటే పశువుల సీమేనాయె. సగం తెలుగువాళ్లే కదా అక్కడ, ఒక్కడైనా చెప్పొద్దూ?

ఆటలో నాకు నచ్చని నియమం ఇంకొకటుంది. మనిషి పటం దాటి పోడు. తిండి లేకపోయినా, కట్టె లేకపోయినా పని లేక అక్కడే నిలబడి ఉంటాడు. కొడకండ్ల మనిషి అట్ల కాదు. ఇది నేతగాళ్ల ఊరు. గుంటమగ్గంలో నడుముదాకా దిగి, కాళ్ల కింద తొక్కుడు కర్రలు మార్చిమార్చి తొక్కుతూ, కుడిచేత్తో నాడె విసిరి ఎడమచేత్తో అందుకుని, పేక పోగు పడ్డ ప్రతిసారీ పన్నెతో కొట్టి, పొద్దుగూకే దాకా ఆ గుంటలోంచి లేవకుండా నేసిన మనుషులు. పోగు తెగితే దీపం దగ్గరికి జరుపుకుని, వేళ్లకు ఇంత బూడిద రాసుకుని ముడేస్తారు. ముడి ఎక్కడేశారో బట్టలో మీరు వెతుక్కోలేరు. ఆ చేతులకు ఊళ్లో గిరాకీ లేకపోతే వాళ్లు పటం అంచుకు పోయి, అంచు దాటి, భీవండిలో, సూరత్‌లో, షోలాపూర్‌లో తేలారు. అక్కడ మరమగ్గం మోతలో ఇక్కడి మనిషి, ఇక్కడ తాళం వేసిన ఇల్లు. ఆటలో ఇల్లు ముందు, మనిషి తర్వాత. ఇక్కడ ఇల్లుంది, మనిషి లేడు. అల్లుడికి ఈ పరిస్థితి చెబితే "గిది గేమ్ ల లేదు మామా, బగ్ అయుంటది" అన్నాడు.

నేతగాడు పోకుండా ఆపే కట్టడం మనకు లేక కాదు. వరంగల్‌లో 1934లోనే ఆజంజాహీ మిల్లు పెట్టారు. ఆటలో అయితే అట్లాంటి కట్టడం చేతికొచ్చినవాడు గెలిచినట్టే. మనవాళ్లు 2002లో మూసేసి, ఆ జాగాను అమ్ముకున్నారు. 2017లో గీసుకొండ, సంగెం దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. కూలగొట్టి కట్టడం తప్పు వ్యూహం కాదా అని అల్లుణ్ని అడిగితే, శత్రువు ఊరి మీద పడ్డప్పుడు తప్ప తన కట్టడాన్ని తాను కూల్చేవాడు ఉండడన్నాడు. శత్రువెవరో తెలిస్తే బాగుండు.

కొడకండ్లకు మాత్రం అన్యాయం జరిగిందనలేం. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కడితే మొట్టమొదటిదాన్ని 2020 అక్టోబర్ 31న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మా ఊళ్లోనే ప్రారంభించారు. యుగం మారడానికి రెండు కట్టడాలు కావాలంటే ఒకటి లెక్కలో పడ్డట్టే. అల్లుడు ఆ భవనాన్ని చూసి వచ్చి, "మస్తుంది మామా. గని గిది ఏ వనరు ఇస్తది?" అని అడిగాడు. మీటింగులిస్తుందని చెప్పాను. మీటింగుల గోదాము ఆటలో లేదట.

ఎన్నికలొస్తే మాత్రం ఆటకూ మనకూ తేడా ఉండదు. ఆడలేనివాళ్ల కోసం దీంట్లో దొంగ మంత్రాలున్నాయి. పెప్పరోని పిజ్జా అని టైప్ చేస్తే ఉట్టిపుణ్యానికి వెయ్యి తిండి వచ్చి పడుతుంది. కాయినేజ్ అంటే వెయ్యి బంగారం. అన్ని పార్టీల మ్యానిఫెస్టోలనూ కలిపి నూరితే ఈ రెండు మంత్రాలే తేలతాయి. ఇక ఆటలో ఒక అర్చకుడున్నాడు, వాడు చేతులెత్తి వొలోలో అని ఊగితే ఎదుటి మనిషి రంగు మారి ఇటు వచ్చేస్తాడు. ఆ అర్చకుడు ఆటలో కంచుయుగానికి గానీ రాడు. మన దగ్గర ప్రమాణ స్వీకారం నాటికే తయారు.

అల్లుడి పాఠంలో నేను ఒప్పుకోనిది ఒక్కటే. రాతియుగంలో యుద్ధానికి పోవద్దంటాడు. చేతిలో దుడ్డుకర్ర తప్ప ఏమీ ఉండదు, సైన్యం ఉన్నవాడి మీదికి పోతే చస్తావంటాడు. కొడకండ్ల నుంచి కూతవేటులో పాలకుర్తి ఉంది. అక్కడ చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ గూండాలకు తన పంట గింజ దక్కనీయలేదు. మా జనగామ జిల్లాలోనే కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్యను కాల్చి చంపాక, ఊళ్లకు ఊళ్లు గుతుపలు, వడిసెలలు, కారంపొడి పట్టుకుని గడీ మీదికి పోయాయి. వడిసెల మొదటి ఆటలో లేనే లేదు, 1998లో రైజ్ ఆఫ్ రోమ్ అనే కొత్త భాగంతో చేర్చారు. జనగామ వాళ్లు యాభై ఏళ్ల ముందే చేర్చుకున్నారు.

ఇక జిల్లాల సంగతి. తిండి లేకుండా, కట్టడం లేకుండా యుగం మార్చే మీటను కనిపెట్టింది ప్రపంచంలో మనమొక్కరమే. 2016 అక్టోబర్ 11, దసరా నాడు పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ఒక్క వరంగల్ ఐదు ముక్కలైంది. కొడకండ్ల వరంగల్‌లో పడుకుని జనగామలో లేచింది. 2019 ఫిబ్రవరిలో ములుగు పుట్టింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. బోరు బావి నీళ్లు మారలేదు, బస్సు టైము మారలేదు, లెటర్‌హెడ్లు మాత్రం నాలుగు రకాలు అచ్చయ్యాయి.

ఈ మార్పుల్లో అందరికంటే ఎక్కువ తిరిగింది తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీద పడుకున్నవాళ్లు. అక్కడ రాకాసి గుళ్లున్నాయి. నాలుగు వైపులా నిలబెట్టిన ఇసుకరాతి బండలు, పైన చపటాగా కప్పిన ఇంకో పెద్ద బండ, లోపల రాతిని తొలిచిన తొట్టి. పొడుగు మనిషి కాళ్లు ముడుచుకోకుండా పడుకోవచ్చు. బండ అంచులు చేత్తో తడిమితే చెక్కిన పనితనం తగులుతుంది. క్రేన్ లేదు, టెండర్ లేదు, అంత బరువును గుట్ట మీద అంత సమంగా ఎలా కప్పారో చెప్పడానికి మనవాళ్లకు రాకాసులు తప్ప దిక్కులేదు. ఇనుపయుగం మనుషులు తమ చనిపోయినవాళ్ల కోసం కట్టుకున్న ఇళ్లవి. ఆ యుగంలో పూడ్చిన ఆ పెద్దమనుషులు ఇంచు కదలకుండానే వరంగల్ నుంచి భూపాలపల్లికి, అక్కడి నుంచి ములుగుకు బదిలీ అయ్యారు. బదిలీ భత్యం ఎవరికిచ్చారో తెలియదు.

అల్లుడు చెప్పిన గెలుపు సూత్రం అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఆటలో శత్రువును చంపకుండానే గెలిచే దారి ఒకటుంది. ఇనుపయుగం చేరాక వెయ్యి కట్టె, వెయ్యి రాయి, వెయ్యి బంగారం పోసి ఒక అద్భుత కట్టడం కట్టాలి. అది పడిపోకుండా 2,000 ఏళ్లు నిలబడితే ఆట నీదే. రాకాసి గుళ్లు కట్టింది ఇనుపయుగంలోనే. నిలబడి 2,000 ఏళ్లు దాటింది. అంటే ఆట ఎప్పుడో అయిపోయింది, దామరవాయి వాళ్లు గెలిచారు, మనం ఉత్తగా ఆడుతున్నాం. తెర మీద విజయం అని మాత్రం పడలేదు. పడకముందే గుప్తనిధులున్నాయని గడ్డపారలు పట్టుకుని వచ్చినవాళ్లు కొన్నింటిని పడేశారు.

గెలిచినవాళ్లను గెలిచినట్టు ప్రకటించమని సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టాలనుకుంటున్నాను. పైన ఏ జిల్లా కలెక్టర్ గారికి అని రాయాలో సోమవారం పొద్దున మరోసారి కనుక్కుని రాస్తాను.