స్లయిడు చూడకుండానే మార్కరా?

మా రోజుల్లో జీర్ణాశయం గోడలోంచో పేగు గోడలోంచో గట్టి గడ్డ తీసి పంపారంటే, అది కండరానిదే అని రాసేవాళ్లం. సాధువైతే లియోమయోమా, మొండిదైతే లియోమయోసార్కోమా. 1983లో మజూర్, క్లార్క్ ఇవన్నీ కండరం గడ్డలేనా అని అనుమానపడి స్ట్రోమల్ ట్యూమర్ అన్నారు. 1998లో జపాన్‌లో హిరోటా బృందం కిట్ జన్యువులో మార్పు పట్టుకుంది. గ్యాస్ట్రోఇంటెస్టినల్ స్ట్రోమల్ ట్యూమర్, పొట్టిగా జిస్ట్ అన్న పేరు స్థిరపడింది. 2000లో ఫిన్లండ్‌లో ఒకావిడకు కిట్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రలిస్తే కాలేయానికి పాకిన గడ్డలు కుదించుకుపోయాయి. అంతకుముందు కీమో వీటిని కదిలించేదే కాదు. కాబట్టి కిట్ లాంటివాటిని రంగుతో పట్టిచ్చే మార్కర్లను నేను తిట్టను. తిట్టేది వాడేవాళ్లనే.

ఇప్పటి పిల్లలు స్లయిడు ఆరకముందే సీడీ117, డాగ్1, డెస్మిన్, ఎస్100 అన్నీ ఒకేసారి రాసేస్తారు. అరే నాయనా, ముందు తక్కువ లెన్సులో అంచు చూడు! గడ్డ చుట్టూ లింఫోసైట్లు దండలా కట్టి ఉంటే ష్వానోమా అని అనుమానం రావద్దూ? సీడీ117కి మాస్ట్ కణాలూ గోధుమరంగు తేలతాయి, కొన్ని మెలనోమాలూ తేలతాయి. రంగు చూసి తీర్పు చెప్పేస్తే కన్నెందుకు?

ఇక కణ విభజనల లెక్క. మా మైక్రోస్కోపుల్లో 50 ఫీల్డులు లెక్కపెడితే సుమారు 5 చదరపు మిల్లీమీటర్లు వచ్చేవి. ఇప్పటి వెడల్పు లెన్సుల్లో 20, 25 చాలు. అయినా పాత పుస్తకం పట్టుకుని 50 చూస్తారు. విస్తీర్ణం రెట్టింపు, లెక్క రెట్టింపు, రోగికి భయం రెట్టింపు.

ఆపరేషన్ థియేటర్ వాళ్లేం తక్కువా? కొబ్బరికాయంత గడ్డను ఇరుకు డబ్బాలో కుక్కి, రెండు గరిటెల ఫార్మలిన్ పోస్తారు. కోస్తే పైపొర గట్టిగా, లోపల కుళ్లి ఉంటుంది. అందులో విభజనలేం కనబడతాయి, డీఎన్ఏ ఏం మిగులుతుంది? గడ్డకు పదింతల ఫార్మలిన్ పోయాలని మేం మొదటి వారంలోనే నేర్చుకున్నాం. ఫారంలో చూస్తే ‘కడుపులో గడ్డ’ అని రెండే ముక్కలు. 5 నుంచి 10 సెంటీమీటర్ల జిస్టు, ఆ 5 చదరపు మిల్లీమీటర్లలో విభజనలు 5 దాటలేదనుకోండి. జీర్ణాశయంలోదైతే ముదిరే అవకాశం 4 శాతం లోపు, అదే చిన్న పేగులోదైతే 24 శాతం. ఎక్కడిదో రాయకపోతే నేనేం జోస్యం చెప్పాలి?

జన్యు పరీక్ష చేయించండి, వద్దన్నదెవరు? ఏ మార్పుకు ఏ మాత్రో, ఎంత మోతాదో దాంతోనే తేలుతుంది. కానీ ఆ బిల్లు కట్టేది రోగి. డబ్బాలో ఫార్మలిన్ నింపడానికీ, ఫారంలో అవయవం పేరు రాయడానికీ పైసా ఖర్చు లేదు. ముందు ఆ పని చేసి రండి.