దగ్గుబండి పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
తెల్లవారుజాము తిప్పిన తాళము
దగ్గి దగ్గి లేచు తాత పగిది
ముల్లు వణకుచుండు మూడు నిమిషములు
ఎండ యెక్కెనేని యేమి జబ్బు?

అవతారిక: పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరి, సెల్ఫ్ కొడితే బండి అందుకోక, వంటింటి కిటికీలోంచి చూస్తున్న ఇల్లాలికి ముఖం చూపలేక, స్టీరింగు మీద తల ఆన్చిన ఒకానొక గృహస్థు చెప్పిన పద్యమిది. ఆ గృహస్థు ఈ వ్యాఖ్యాతే అని గిట్టనివాళ్లంటారు. ఖండించే తీరిక లేదు.

ప్రతిపదార్థం: తెల్లవారుజాము = రాత్రంతా నిలబడ్డ బండిని మొదట కదిలించే వేళ (ఆదివారం పదింటికైనా చెల్లుతుంది); తాళము = ఇగ్నిషను తాళమును; తిప్పినన్ = తిప్పినచో; తాత పగిదిన్ = తాతగారి వలె; దగ్గి దగ్గి = పట్టుకొని వదిలి, వదిలి పట్టుకొని; లేచున్ = స్టార్టగును; ముల్లు = ఆర్పీఎం ముల్లు. తక్కినవి సుగమం.

అన్వయం: 'తాళము తిప్పినన్' అని కలుపుకోవాలి. ఉన్నదున్నట్టు చదివితే తాళమే దగ్గినట్టవుతుంది. కర్త అయిన కారు పద్యంలో ఎక్కడా లేదు. అధ్యాహారం చేసుకోవాలి.

'లేచు': ఇక్కడ పూర్వపక్షం ఒకటుంది. దోషమంతా బ్యాటరీదే, మార్చేస్తే సరి అని. ఇది మా పక్కింటి బాబాయిగారి మతం. చెల్లదు. బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ ఈడుస్తూ మూలుగుతుంది, లేదా టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది. దగ్గాలంటే ఊపిరుండాలి కదా! అయినా సందేహ నివృత్తికి మల్టీమీటరు పెట్టి చూడవచ్చు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి దిగకూడదు. టర్మినళ్లకు తెల్లటి పొడి పేరుకుంటే వంటసోడా నీళ్లతో కడిగి బిగించాలి. ఇవేవీ చెయ్యకుండా కొత్త బ్యాటరీ కొన్నవారిలో ఈ వ్యాఖ్యాత ఒకడు. దగ్గు తగ్గలేదు. కొత్త బలంతో ఇంకా గట్టిగా దగ్గింది.

'దగ్గి దగ్గి': ఈ ద్విరుక్తి వ్యర్థం కాదు, దీనికి రెండర్థాలున్నాయి. ఒకటి, పైపుల్లో నిలవాల్సిన పెట్రోలు ఒత్తిడి రాత్రికి రాత్రి వెనక్కి జారిపోవడం. పంపులోని చెక్ వాల్వు పట్టు వదిలిందన్నమాట. దీనికి పరీక్ష సులువు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా రెండు సెకన్లు ఆగితే వెనక సీటు కింద పంపు జుయ్యిమంటుంది. ఆపి మళ్లీ ఆన్ చెయ్యాలి. ఇలా మూడుసార్లయ్యాక సెల్ఫ్ కొడితే దగ్గకుండా లేచిందా, రోగం అక్కడే ఉంది. రెండో అర్థం, ఇంజెక్టరు రాత్రంతా బొట్టుబొట్టుగా కారడం. దీన్ని నల్లపొగ, పెట్రోలు వాసన పట్టిస్తాయి.

'ముల్లు వణకుచుండు': చల్లటి ఇంజను కాసేపు 1200, 1500 దాకా తిరిగి, వేడెక్కాక 700, 900 మధ్యకు దిగడం ధర్మమే. వణకడం మాత్రం ధర్మం కాదు. దానికి కారణాలు థ్రాటిల్ బాడీలో మసి, గాలి గొట్టంలో చీలిక, అరిగిన ప్లగ్గులు. ముందు మసి తుడిపించండి, ఖర్చు తక్కువ.

'తాత పగిది': ఉపమేయం లోపించింది కనుక లుప్తోపమ. తాత అన్నాడని బండి ముసలిదనుకోరాదు, దానికి ఐదేళ్లే. అసలు తాతల కాలపు బళ్లకు చోక్ ఉండేది. 1983లో వచ్చిన మారుతీ 800కి కూడా అది లాగితేనే తెల్లవారేది. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి, చోక్ గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచేది. ఇప్పుడు ఆ లెక్క కంప్యూటరుది. ఇంజను ఎంత చల్లగా ఉందో దానికి చెప్పేది కూలెంట్ టెంపరేచర్ సెన్సరు. కవి హృదయం ఇక్కడే దాగి ఉంది.

'ఎండ యెక్కెనేని': హైదరాబాదు డిసెంబరు చలికి బండి దగ్గాల్సిన పనిలేదు. సున్నా దగ్గరకు దిగే లంబసింగిలోనూ ఆరోగ్యంగా ఉన్న బండి లేస్తుంది. (డీజిలు బండికి గ్లో ప్లగ్గులుంటాయి. చుట్టలాంటి దీపం ఆరేదాకా ఆగాలి. దానికి వేరే పద్యం రాయాలి.) మరి పొద్దున్నే దగ్గెందుకు? సెన్సరు అబద్ధమాడితే. 'ఇంజను వేడిగానే ఉంది' అని అది చెప్పగానే కంప్యూటరు నమ్మి పెట్రోలు పిసినారిగా పోస్తుంది. ఇంజను నిజంగా వేడెక్కాక ఆ అబద్ధమే నిజమైపోతుంది, జబ్బు మాయమవుతుంది.

'యేమి జబ్బు?': ఇది కాకువు. ఈ మాట గృహస్థుది కాదని నా నిశ్చయం, మెకానిక్కుది. పదకొండింటికి షెడ్డుకు తోలుకెళ్తే బండి ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. అప్పుడాయన మనకేసి చూసే చూపుకిది అక్షరరూపం. నేనా చూపు మూడుసార్లు తిన్నాను. నాలుగోసారి బండిని రాత్రే షెడ్డులో వదిలి, తెల్లారి ఆయన చేతే తాళం తిప్పించాను. దగ్గింది. స్కానరు పెట్టాడు. రాత్రంతా ఆగిన బండిలో కూలెంటు వేడీ, లోపలికొచ్చే గాలి వేడీ దాదాపు ఒకటే ఉండాలి. గాలి 16 డిగ్రీలంటోంది, కూలెంటు 78 అంటోంది. "మీ సెన్సరుకి జ్వరం సార్" అన్నాడు.

దోషవిచారం: మూడో పాదం చివర విసంధి ఉంది. బండిలాగే పద్యమూ అక్కడ ఆగి అందుకుందని సరిపెట్టుకోవాలి.

చదువరులకు విన్నపం: మీ బండికీ ఈ పద్యం వర్తిస్తే రాత్రే షెడ్డుకు తోలండి. అద్దానికి చీటీ అంటించడం మరవకండి: 'నేనొచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దు.'