హామీపత్రం జతచేయవలెను

తెలుగులో అందరూ శ్రద్ధగా చదివే వచనం కథ కాదు, నవల కాదు, సంపాదకీయం అసలే కాదు. కథల పోటీ ప్రకటన. ఉగాదికో దీపావళికో సంక్రాంతికో రెండు నెలల ముందు పత్రికలో బాక్సు కట్టి వేసే ఆ అరపేజీని రచయితలు పెన్ను పట్టుకుని, గీతలు గీసుకుంటూ చదువుతారు. ముందు బహుమతి మొత్తం చూస్తారు. తర్వాత ఆఖరు తేదీ. ఆ తర్వాత ఇంకోసారి బహుమతి మొత్తం. ఆ ఎదురు పేజీలోనే ఒక కథ అచ్చయి ఉంటుంది. ఆ వారం దాన్ని చదివినవాళ్లు ఇద్దరు: రాసినాయన, ప్రూఫులు దిద్దినాయన. రెండో ఆయన సంగతి కూడా గట్టిగా చెప్పలేం.

ఈ ప్రకటనల భాష తరం మారినా మారదు. కాగితానికి ఒకవైపే రాయాలన్న నిబంధన పోయింది, యూనికోడ్‌లో టైపు చేసి వర్డ్ ఫైలు పంపాలన్నది వచ్చింది. తగినన్ని స్టాంపులు అంటించిన సొంత చిరునామా కవరు అడగడం మానేశారు గానీ, 'ఎంపిక కాని రచనలు తిప్పి పంపడం సాధ్యం కాదు' అన్న వాక్యం మాత్రం అక్కడే కూర్చుంది. మెయిల్లో వచ్చిన కథని ఎవరు, ఎలా తిప్పి పంపాలి అని అడగాలనిపిస్తుంది. అడగడానికి వీల్లేదు. ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలకు, ఫోన్ సంభాషణలకు తావు లేదు. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. రచయిత పేరు కథలో ఎక్కడా కనబడకూడదు. అందుకని పోటీ రచయిత లోపల పేరు తీసేసి, ఫైలుకి మాత్రం ఇంటిపేరుతో సహా తన పేరే పెట్టి పంపిస్తాడు.

అన్నిటికీ పై మెట్టు హామీపత్రం. ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ అనుకరణ గానీ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ప్రసారం కాలేదు, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి కింద సంతకం పెట్టాలి. బోనెక్కిన సాక్షి కూడా ఇన్ని ప్రమాణాలు చేయడు. ఆఖరి ప్రమాణం దగ్గరే పోటీ రచయిత చెయ్యి కాస్త వణుకుతుంది. ఆ కథే కిందటి నెల ఇదే హామీతో ఇంకో పోటీకి వెళ్లింది, అక్కడ ఫలితాలు ఇంకా రాలేదు. రెండుచోట్లా మొదటి బహుమతి వచ్చేస్తే ఎవరికి ఏం సమాధానం చెప్పాలా అని అతనికి ఏటా దిగులు. ఒక్కచోటైనా వచ్చి చూపించమని ఇంట్లో వాళ్ల దిగులు.

పోటీలని తీసిపారేయక్కర్లేదు. తెలుగు నవల నడక నేర్చిందే పోటీల్లో. 1890లలో న్యాపతి సుబ్బారావు 'చింతామణి' పత్రిక నవలలకు పోటీ పెడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం బహుమతులు పట్టుకుపోయారు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీకి విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' వచ్చాయి. బహుమతిని ఇద్దరికీ పంచారు. దాదాపు వెయ్యి పేజీల ఆ పుస్తకాన్ని విశ్వనాథ 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిపెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గడువు దగ్గరపడితే తెలుగు రచయితకి ఏ పూనకం వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అదే నవల ఇవాళ పోటీకి వస్తే వడపోత దగ్గరే ఆగేది. డీటీపీలో అయిదు పేజీలు మించరాదు కాబట్టి, పడగలు తగ్గించి మళ్లీ పంపగలరని జవాబు వచ్చేది. బహుమతి పంచే ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు ప్రథమ బహుమతిని ముగ్గురికి పంచుతారు. శాలువా మాత్రం ఎవరిది వాళ్లకే.

ఇక 'గాలివాన'. కథల పోటీ అన్న మాట ఎత్తగానే సభలో ఎవరో ఒకరు దాన్ని లాక్కొస్తారు. పాలగుమ్మి పద్మరాజు కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. ఆ ఏడు ప్రథమ బహుమతి ఏ దేశపు ఏ కథకి వచ్చిందో చెప్పమంటే సభ మొత్తం శాలువా సర్దుకుంటుంది. రెండో బహుమతి కథ డెబ్బై ఏళ్లు దాటినా పాఠకుల్లో బతికే ఉండగా, మన మొదటి బహుమతి కథలు తర్వాతి నెల సంచిక దాకా ఎందుకు బతకవో ఏ నిర్వాహక సంఘమూ సమీక్షించుకోదు. సముద్రం దాటి అమెరికా చేరిన తెలుగు పోటీల్లోనూ మంచి పంట పండింది. 1997 తానా నవలల పోటీ చంద్రలత 'రేగడి విత్తులు' ఇచ్చింది. వంగూరి ఫౌండేషన్ వాళ్లు ఏళ్ల తరబడి ఉగాది పోటీ నడుపుతున్నారు. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకునే ఎక్కం పోటీ రచయితలందరికీ కంఠతా వచ్చు.

ఇక్కడో చమత్కారం ఉంది. 'గాలివాన' ఆ పోటీకి వెళ్లింది ఇంగ్లీషు అనువాదంగానే. ఇప్పటి కామన్‌వెల్త్ కథల పోటీ 2,000 నుంచి 5,000 పదాల కథ అడుగుతుంది, రుసుము అడగదు. ఇంగ్లీషే అక్కర్లేదు, తమిళంలోనూ బెంగాలీలోనూ నేరుగా పంపొచ్చు. ఈ మధ్య ఏళ్ల భాషల జాబితాల్లో తెలుగు లేదు. కాబట్టి మనవాడు అనువాదం చేయకపోతే అక్కడ గుమ్మం ఎక్కనివ్వరు, చేస్తే ఇక్కడ హామీపత్రం ఒప్పుకోదు. తెలుగుని చేర్చమని సంతకాలు సేకరించడానికి ఇంతవరకు ఎవరూ ఎక్కువ ఉత్సాహం చూపలేదు. ప్రవేశ రుసుము లేని పోటీ మీద మనకి నమ్మకం తక్కువ కాబోలు.

పోటీ కథకి ఇతివృత్తం కూడా వాళ్లే ఇస్తారు: మానవ సంబంధాలు, కుటుంబ విలువలు, సామాజిక స్పృహ. ఎక్కువ పోటీలు ఎవరో పెద్దల స్మారకంగా, వాళ్ల పిల్లలు ఇచ్చే సొమ్ముతో నడుస్తాయి. అందుకని కొడుకు అమెరికాలో, అమ్మ వృద్ధాశ్రమంలో, ఉత్తరం తలగడ కింద, పశ్చాత్తాపం ఆఖరి పేరాలో. న్యాయనిర్ణేత మొదటి పేరాలోనే తలగడ తడుముతాడు. ఆ ఉత్తరం దొరక్కపోతే కథలో 'ఏదో లోపించింది' అంటాడు.

వ్యాసాల సంగతి కథలకన్నా క్రమశిక్షణ గలది, దానికి క్యాలెండరే ఉంది. అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం, ఆ నెలాఖరు విజిలెన్స్ అవగాహన వారోత్సవం, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, డిసెంబరు 14 ఇంధన పొదుపు దినం, జనవరి నిండా రోడ్డు భద్రత, 25న ఓటర్ల దినం. ప్రతిదానికీ బడిలో వ్యాసరచన పోటీ. చేతిరాత బాగుండే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉంటుంది. అన్నిటికీ ఆమెనే కూర్చోబెడతారు. 'నేటి ఆధునిక యుగంలో' అని ఎత్తుకుని, 'మనమందరం ప్రతిజ్ఞ చేద్దాం' అని దించుతుంది. మధ్యలో అవినీతి అన్నచోట హెల్మెట్, హెల్మెట్ అన్నచోట ఓటు పడతాయి. అవినీతి నిర్మూలన మీద వ్యాసం ముందురోజు ట్యూషన్ సారే రాసిచ్చాడని అందరికీ తెలుసు, దాని మీద విచారణ మాత్రం ఉండదు. పుస్తక పఠనం ఆవశ్యకత మీద మొదటి స్థానం వచ్చినందుకు ఆమెకి స్టీలు టిఫిన్ బాక్సు ఇస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అధికారులు ఏడుగురు, టిఫిన్ బాక్సు ఒకటి, పిల్ల చెవి ఒకటి.

నిజంగా సొమ్మున్న పోటీ తపాలా శాఖ దగ్గర ఉంది. 'ఢాయీ ఆఖర్' పేరుతో ఉత్తరం రాసే పోటీ: ఇన్‌లాండ్ లెటర్ మీదైతే 500 పదాలు, కవర్లోనైతే 1,000. తెలుగులో రాయొచ్చు, చేత్తోనే రాయాలి. రాష్ట్ర స్థాయి మొదటి బహుమతి 25,000 రూపాయలు, దేశ స్థాయిలో 50,000. ఈ కాలంలో ఇన్‌లాండ్ లెటర్ కొనేది ఈ పోటీ కోసమేనేమో అని కౌంటర్లో అమ్మేవాళ్లకే అనుమానం. కథల్లో తలగడ కింద అన్ని ఉత్తరాలు పెట్టిన రచయితలు ఈ పోటీ వైపు తొంగి చూడరు. సొంత దస్తూరీ చదివించే ధైర్యం ఎవరికీ లేదు.

ఫలితాలకు ముందు 'రచయితల కోరిక మేరకు గడువు పొడిగింపు' వస్తుంది. ఏ రచయిత కోరాడో తెలియదు, గడువులోగా పంపినవాడు మాత్రం కోరడు. తర్వాత ఫలితాలు, 'సాధారణ ప్రచురణకు స్వీకరించినవి' అన్న ఓదార్పు జాబితా, ఆదివారం సాయంత్రం సభ. ముఖ్య అతిథి సమయాభావం వల్ల కథలు చదవలేకపోయానని చెప్పి, ఆ కథల గురించే గంట మాట్లాడతారు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈసారి హామీపత్రంలో ఒక్క గడి పెంచండి: నిరుడు ఇదే పోటీలో ప్రథమ బహుమతి పొందిన కథ పేరు, అందులో ఏం జరిగిందో రెండు వాక్యాలు. అది నింపని ఎంట్రీ పరిశీలించబడదు అని రాయండి. వచ్చిన కథలన్నీ న్యాయనిర్ణేతలు ఒక్క మధ్యాహ్నంలో చదివేయగలుగుతారు.